ఈమెయిల్‌లో గూఢచారి ఆట ఆడిస్తున్నారా?

అంటే ఆటగాళ్లు తలో పాత్ర తీసుకుని ఏం చేస్తారో మెయిల్‌లో రాస్తారు, ఆడించే మీరు కథ నడుపుతారు. అలాంటప్పుడు ఆటగాళ్లందరినీ ఒకే మెయిల్ థ్రెడ్‌లో పెట్టకండి. ఎవరి పాత్రకి ఎంత తెలుసో అంతే వాళ్ల మెయిల్‌లో ఉండాలి. నేనోసారి అలవాటుగా ‘రిప్లై ఆల్’ నొక్కేశాను. మూడు నెలలుగా దాచిన డబుల్ ఏజెంట్ (రెండు పక్షాలకీ పనిచేస్తున్నట్టు నటించే గూఢచారి) గుట్టు క్షణంలో రట్టయింది! అప్పట్నుంచి సబ్జెక్ట్ లైన్‌లో ముందు పాత్ర పేరు, ఊరు, ఆటలోని తేదీ, టైము రాస్తున్నాను: ‘మీరా, వియన్నా, మార్చి 14, రాత్రి 9:40’. పంపే ముందు కళ్లు ఆ పేరు మీద పడతాయి.

మెయిల్ ఆటలో ప్రతి అడుగుకీ జవాబు కోసం ఆగితే ఒక్క వెంబడింపుకే వారం పడుతుంది. అందుకే ‘ఇలా జరిగితే ఇలా చేస్తాను’ అని షరతులతో ఆదేశాలు ఇమ్మని ఆటగాళ్లని ముందే అడగండి: “ట్రామ్ దిగేసరికి అదే మనిషి మళ్లీ కనిపిస్తే ఏం చేస్తావు? మనవాడు రాకపోతే ఎంతసేపు ఆగుతావు?” వాటిని బట్టి రెండు గంటల కథ ఒకే మెయిల్‌లో నడిపేయొచ్చు.

కథాస్థలంగా నా ఓటు వియన్నాకే. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ, చమురు ఎగుమతి దేశాల కూటమి ఒపెక్, రెండిటి ప్రధాన కార్యాలయాలూ అక్కడే. 2010 జులైలో అమెరికా, రష్యా పట్టుబడ్డ ఏజెంట్లను మార్చుకున్నది కూడా ఆ ఊరి ఎయిర్‌పోర్టులోనే.