డిసెంబరు సెలవులకు ఇంటికి బయలుదేరేముందు ఐ-20 రెండో పేజీ చూసుకోండి

అమెరికాలో ఎఫ్-1 వీసాపై చదువుతూ, ఫాల్ సెమిస్టర్ పరీక్షలు కాగానే ఇంటికి రావాలనుకునే మన పిల్లలు, సూట్‌కేసు సర్దుకోవడానికి ముందే విశ్వవిద్యాలయం జారీచేసే ఐ-20 అర్హత పత్రం రెండో పేజీలో ఉండే ప్రయాణ అనుమతి సంతకం తేదీని చూసుకోవాలి. చదువు కొనసాగుతున్నవారికి ఆ సంతకం ఏడాదిపాటు చెల్లుతుంది; చదువు ముగించి ఓపీటీలో (చదివిన రంగంలో తాత్కాలికంగా పనిచేసేందుకు ఇచ్చే అనుమతి) ఉన్నవారికి మాత్రం ఆరు నెలలే. జనవరిలో తిరిగి అమెరికాలో దిగే రోజుకు ఆ గడువు మిగిలి ఉండాలి. క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాకా చాలా విశ్వవిద్యాలయాల కార్యాలయాలు మూసి ఉంటాయి కనుక, కొత్త సంతకం కావలసినవారు పరీక్షల హడావుడి మొదలుకాకముందే, వీలైతే నవంబరు చివర్లో వచ్చే థాంక్స్‌గివింగ్ లోపే డీఎస్ఓను (విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే విశ్వవిద్యాలయ అధికారిని) అడగడం మేలు.

వీసా స్టాంపు గడువు కూడా అదే పూట చూడండి. ఐ-20 సక్రమంగా ఉన్నా, వీసా గడువు తీరిపోయి ఉంటే ఇక్కడి కాన్సులేటులో కొత్తది వేయించుకోనిదే తిరిగి వెళ్లలేరు. సెలవులు ముగిసేలోపు అపాయింట్‌మెంటు దొరుకుతుందన్న భరోసా లేదు. అటువంటివారు అపాయింట్‌మెంటు ఖరారయ్యాకే విమానం టికెట్టు కొనాలని నా గట్టి సలహా. పాస్‌పోర్టు, ఐ-20 అసలు ప్రతులను చేతిసంచిలోనే ఉంచుకోండి, ఎందుకంటే చెక్-ఇన్ సామాను ఇమిగ్రేషన్ తనిఖీ దాటాకే చేతికి వస్తుంది.