యాసంగి కోతలయ్యాక పొలంలో మెటల్ డిటెక్టర్: జబ్బ పట్టేయకుండా జాగ్రత్తలు

నాట్లప్పుడు జారిన పుస్తె, పత్తి ఏరుతుంటే ఊడిన మట్టె వెతకాలంటే యాసంగి కోతలకూ తొలకరి దుక్కికీ మధ్యే అదను. నాగలి పడితే నగ లోతుకు పోతుంది. (సొంత పొలం సంగతి ఇది. వరంగల్ కోట, రామప్ప లాంటి రక్షిత స్థలాల్లో డిటెక్టర్ బయటికే తీయొద్దు.)

చెయ్యి నొచ్చేది మొత్తం బరువుకన్నా ముందుకు వేలాడే కాయిల్‌తోనే (నేల మీద ఊపే గుండ్రటి పళ్లెం) ఎక్కువ. అది పిడికి సుమారు మీటరు దూరంలో ఉంటుంది, పిడి నుంచి మోచేతి దాకా 30 సెంటీమీటర్లే. కాయిల్ దగ్గర 100 గ్రాములు పెరిగితే, సరితూగడానికి మోచేతి దగ్గర 300 గ్రాములకు పైగా కట్టాలి. ఆ బరువూ జబ్బ మీదే పడుతుంది. అందుకే ముందు కాయిల్ వైపు తగ్గించండి. ఇంకా ముందుకే వాలుతుంటేనే వెనక కట్టండి.

కాయిల్ కింది ప్లాస్టిక్ మూత విప్పితే లోపల రేగడి మట్టి, పొట్టు గడ్డకట్టి కనిపిస్తాయి. కడిగి ఆరబెట్టండి. మూత లేకుండా ఊపితే ఇంకా తేలికే గానీ కొయ్యకాళ్లకు కాయిల్ గీసుకుపోతుంది. దున్నిన మెత్తటి చెలకలోనైతే పర్వాలేదు. తడి రేగడిలో దిగొద్దు, అడుగడుగునా మట్టి అంటుకుంటుంది. 11 అంగుళాల కాయిల్ బదులు 8 అంగుళాలది పెడితే బరువు తగ్గుతుంది, పత్తి మోళ్ల మధ్య కూడా దూరుతుంది. వెడల్పు తక్కువ కాబట్టి ఊపుతూ నడిచే వరసలు దగ్గరగా వేయాలి. మోళ్లు ఎత్తుగా ఉంటే ముందే పీకించండి. లేకపోతే కాయిల్‌ను గాల్లో ఎత్తి పట్టాలి, చెయ్యి అలిసేది అక్కడే.

కడ్డీ పొడవు సరిచేసేటప్పుడు నిటారుగా నిలబడి చెయ్యి వదులుగా వేలాడేయండి. కాయిల్ చదునుగా, నేలకు 2, 3 సెంటీమీటర్ల పైన ఉండాలి. పొడవైతే ముందు బరువు, పొట్టిదైతే నడుం వంగుతుంది.

గంటకు మించి పనుంటే భుజం పట్టీకి సాగే తాడు కట్టి డిటెక్టర్ తగిలించండి. వేలి మీద ఆనించి ఎక్కడ సమంగా నిలుస్తుందో చూసి, అక్కడే కట్టాలి. కొక్కెం ప్లాస్టిక్‌దైతే మంచిది, ఇనుపదైతే కాయిల్‌కు దూరంగా ఉండాలి.

పిడిని గట్టిగా నొక్కొద్దు. మణికట్టు తిప్పకుండా నడుం, భుజంతో మీటరు లోపే ఊపండి. 15 నిమిషాలకోసారి చెయ్యి మార్చండి. వేళ్లు తిమ్మిరెక్కాయా, ఆ పూటకు ఆపేయాల్సిందే. ఎండాకాలం కాబట్టి పని పొద్దున 6 నుంచి 10 లోపే.