ప్రోగ్ మెటల్ డ్రమ్ కిట్: ఎప్పుడు పెంచాలి, ఎప్పుడు తగ్గించాలి

నా దగ్గర ప్రోగ్ మెటల్ (తాళాలు తరచూ మారిపోయే ప్రోగ్రెసివ్ మెటల్ సంగీతం) కోసం డ్రమ్స్ నేర్చుకునేవాళ్లు పెద్ద డ్రమ్మర్ల కిట్ ఫొటోలు తెచ్చి చూపిస్తుంటారు. కాలి పెడల్‌తో వాయించే బేస్ డ్రమ్ములు రెండు, స్టిక్‌తో కొట్టే టామ్ డ్రమ్ములు అరడజను, తల చుట్టూ కంచు పళ్లేల్లాంటి సింబల్స్. "ఇలాంటిది కావాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి సార్?" అని అడుగుతారు. నేను తిరిగి ఒక ప్రశ్న వేస్తాను: మీరు ఇప్పుడు వాయిస్తున్న పాటలో ఏ బార్‌లో (ఆవర్తనంలో), ఏ దెబ్బకి ఈ కొత్త వస్తువు కావాలి? వేలు పెట్టి చూపించగలిగితే కొనుక్కోండి. చూపించలేకపోతే ఇంకా టైమ్ రాలేదని అర్థం. నేను ఇంతకాలం కిట్‌లో ఏది కలుపుకున్నా, ఏది తీసేసినా ఈ ప్రశ్న వేసుకునే చేశాను.

మొదటి కిట్ చిన్నదిగానే ఉండాలి. 22 అంగుళాల బేస్ డ్రమ్, 14 అంగుళాల స్నేర్ (అడుగున తీగలుండే డ్రమ్), 12, 16 అంగుళాల టామ్‌లు, 14 అంగుళాల హైహ్యాట్ (పెడల్‌తో మూసి తెరిచే జంట సింబల్స్), ఒక రైడ్ (తాళం నడిపే పెద్ద సింబల్), ఒక క్రాష్ (ఒక్కసారిగా మోగే సింబల్). ఇంతతోనే 7/8, 5/4, మధ్యలో మారిపోయే తాళాలు అన్నీ వాయించవచ్చు. ఒక ఫిగర్‌ని (దెబ్బల చిన్న వరసని) నాలుగు శబ్దాల మీద పంచడం రాని చెయ్యి పధ్నాలుగు శబ్దాలు ఇచ్చినా పంచలేదు.

ఈ దశలో డబ్బు దేనిమీద పెట్టాలంటే, నా లెక్కలో ముందు కూర్చునే స్టూల్. వినడానికి చిన్న విషయంలా ఉంటుంది కానీ ఈ సంగీతానికి అదే పునాది. మామూలు రాక్ బీట్‌లో ఎడమ మడమ హైహ్యాట్ పెడల్ మీద ఆనుకుని ఉంటుంది కాబట్టి ఒంటికి ఆసరా దొరుకుతుంది. డబుల్ బేస్, అంటే రెండు కాళ్లతో బేస్ డ్రమ్ వాయించేటప్పుడు రెండు మడమలూ లేచి ఉంటాయి, బరువంతా స్టూల్ మీదే. స్టూల్ ఊగితే నడుము బిగుసుకుంటుంది, నడుము బిగుసుకుంటే కాళ్లు నెమ్మదిస్తాయి. తొడ మోకాలి వైపు కాస్త కిందికి వాలేంత ఎత్తులో పెట్టుకోండి. అక్కడి నుంచి కొద్దికొద్దిగా పైకీ కిందికీ మార్చి చూసుకోండి.

తర్వాత సింబల్స్. డ్రమ్ శబ్దం నచ్చకపోతే హెడ్ (డ్రమ్‌కి బిగించే పొర) మార్చవచ్చు, ట్యూన్ చేయవచ్చు, లోపల దుప్పటి పెట్టవచ్చు. సింబల్‌కి ఆ అవకాశం లేదు, తయారైనప్పుడు ఎలా మోగిందో అలాగే మోగుతుంది. అందుకే పాత షెల్స్ (డ్రమ్ముల చట్రాలు), మంచి సింబల్స్ ఉన్న కిట్టే నాకు ఇష్టం. 8 శాతం తగరం ఉన్న బి8 కంచు పదునుగా మోగి త్వరగా ఆగుతుంది. 20 శాతం తగరం ఉన్న బి20లో లోతు, చిన్న దెబ్బకీ పెద్ద దెబ్బకీ తేడా ఎక్కువ. ప్రోగ్‌లో నెమ్మదైన భాగాలు చాలా ఉంటాయి కాబట్టి కనీసం రైడ్ అయినా బి20 ఉంటే బాగుంటుంది.

షెల్ ఏ చెక్కతో చేశారన్న చర్చలకి నేను ఎక్కువ టైమ్ ఇవ్వను. శబ్దంలో పెద్ద మార్పు తెచ్చేది హెడ్, ట్యూనింగ్. టామ్‌లకి రెండు పొరల హెడ్ వేస్తే శబ్దం కురచగా, స్పష్టంగా వస్తుంది, వేగంగా వాయించే ఫిల్స్‌లో (బీట్ మధ్య వచ్చే చిన్న విన్యాసాల్లో) ఒక్కో దెబ్బా విడిగా వినిపిస్తుంది. స్నేర్ మీద మాత్రం ఒకే పొర ఉన్న 10 మిల్ కోటెడ్ (పూత ఉన్న) హెడ్ వేస్తాను. మిల్ అంటే అంగుళంలో వెయ్యో వంతు. మెల్లగా వేసే ఘోస్ట్ నోట్స్ దాని మీదే పలుకుతాయి. స్నేర్ కింది హెడ్ మందం సాధారణంగా 3 మిల్ మాత్రమే, ట్యూనింగ్ చేసేటప్పుడు దాన్ని స్టిక్‌తో కొట్టకండి.

ఇక డబుల్ పెడల్. ఇక్కడ కొంచెం నిదానంగా చెప్పాలి. చాలామంది కెరీర్ మలుపు తిరిగేది ఇక్కడే.

1983లో డ్రమ్ములు తయారుచేసే డీడబ్ల్యూ కంపెనీ 5002 అనే డబుల్ పెడల్ తెచ్చాక, ఒకే బేస్ డ్రమ్‌ని రెండు కాళ్లతో వాయించడం అందరికీ అందుబాటులోకి వచ్చింది. రెండు బేస్ డ్రమ్ములా, డబుల్ పెడలా అన్న ప్రశ్నకి ఇంకా రెండు వైపులా మనుషులున్నారు. రెండు డ్రమ్ములుంటే ఎడమ పెడల్‌ని కుడిదానితో కలిపే రాడ్ మధ్యలో ఉండదు, రెండు కాళ్లకీ ఒకే బరువు తగులుతుంది. పైగా ఒక హెడ్ ఇంకా కదులుతుండగానే రెండో బీటర్ (పెడల్ తొక్కితే డ్రమ్‌ని కొట్టే సుత్తి) దాని మీద పడే ఇబ్బంది ఉండదు. డబుల్ పెడల్‌లో ట్యూన్ చేయాల్సింది ఒక్క డ్రమ్మే, పెట్టాల్సింది ఒక్క మైకే, మోయాల్సిందీ ఒక్కటే. నేను డబుల్ పెడల్ వైపే ఉన్నాను. రెండు కాళ్లకీ ఒకే హెడ్ దొరికితే శబ్దంలో తేడా కాలి వల్లే వస్తోందని కచ్చితంగా తెలుస్తుంది, ప్రాక్టీస్‌లో అది చాలా ఉపయోగం.

పెడల్ కొనేటప్పుడు బీటర్‌ని కాదు, మధ్య రాడ్‌ని పరీక్షించండి. రాడ్ రెండు చివర్లా ఉండే కీళ్లలో లూజు ఉంటే ఎడమ కాలు ఎప్పుడూ వెంట్రుకవాసి ఆలస్యంగా వస్తుంది. ఎంత ప్రాక్టీస్ చేసినా అది పోదు. ఎడమ ఫుట్‌బోర్డ్‌ని చేత్తో పట్టుకుని కదిలించి, బీటర్ వెంటనే కదులుతోందా లేదా చూడండి.

చైన్ పెడల్‌కీ, డైరెక్ట్ డ్రైవ్‌కీ తేడా కాలికి తెలుస్తుంది. డైరెక్ట్ డ్రైవ్‌లో గొలుసు బదులు గట్టి లోహపు ముక్క ఉంటుంది కాబట్టి పాదం ఎలా కదిలితే బీటర్ అచ్చం అలాగే కదులుతుంది. చీలమండతో వాయించే అధిక వేగాలకి అది బాగుంటుంది. కాలంతా ఎత్తి బరువుగా కొట్టేవాళ్లకి గొలుసే హాయి. 200 బీపీఎంలో (నిమిషానికి 200 బీట్లు) పదహారో నోట్లు (బీట్‌కి నాలుగు దెబ్బలు) వాయిస్తే సెకనుకి 13కి పైగా దెబ్బలు, అంటే ఒక్కో కాలికి ఆరేడు. అంత వేగంలో స్ప్రింగ్ బిగువు చాలా ముఖ్యం. మరీ వదులైతే బీటర్ సమయానికి వెనక్కి రాదు, మరీ బిగిస్తే పిక్కలు త్వరగా అలిసిపోతాయి. రెండు వైపులా ఒకే బిగువుతో మొదలుపెట్టండి. నచ్చిన సెట్టింగ్ దొరికాక స్ప్రింగ్ నట్ దగ్గర మార్కర్‌తో గీత గీసుకోండి.

డబుల్ పెడల్ రాగానే ఇంకో చిక్కు మొదలవుతుంది. ఎడమ కాలు హైహ్యాట్ వదిలేసి ఇటు వస్తే హైహ్యాట్ తెరుచుకుంటుంది. దీనికి రెండు దారులున్నాయి. ఒకటి డ్రాప్ క్లచ్: స్టిక్‌తో తడితే పై సింబల్ కింద పడి హైహ్యాట్ మూసుకుంటుంది, పెడల్ మళ్లీ తొక్కితే పట్టుకుంటుంది. రెండోది కుడివైపు ఎప్పుడూ మూసి ఉండే ఇంకో హైహ్యాట్. నా ఓటు రెండోదానికే. చేతులు అడ్డంగా పెట్టుకోవాల్సిన పని తప్పుతుంది, ఎడమ చెయ్యి స్నేర్ మీద స్వేచ్ఛగా తిరుగుతుంది. హైహ్యాట్ స్టాండ్ మాత్రం రెండు కాళ్లదో, కాళ్లు తిరిగేదో తీసుకోండి. మూడు కాళ్ల స్టాండ్ పక్కన ఎడమ పెడల్ ఎక్కడ పెట్టాలన్నా అడ్డమే.

ఆ తర్వాత కిట్ పెరగడం మొదలవుతుంది. పెరగనివ్వండి, కానీ ఒకసారికి ఒక్క వస్తువే. కొత్తది కలిపాక పాత పాటలన్నీ దానితో వాయించి, చెయ్యి దానంతట అదే ఎటు వెళ్తోందో చూసుకున్నాకే ఇంకోటి. ముందు చైనా సింబల్ (అంచు పైకి వంగినది), తర్వాత పొట్టిగా మోగే స్టాక్ (ఒకదాని మీద ఒకటి పేర్చిన సింబల్స్), ఆపైన 8 లేదా 10 అంగుళాల టామ్ అన్న వరస నాకు బాగా పనికొచ్చింది. స్టాండ్ల కాళ్లు ఒకదానికొకటి అడ్డం పడుతున్నాయనిపించినప్పుడు రాక్ కొనండి, అంతకు ముందు అక్కర్లేదు.

పెద్ద కిట్లని పరిశీలించేటప్పుడు ఎన్ని డ్రమ్ములున్నాయో లెక్కపెట్టకుండా, అవి ఎందుకున్నాయో చూడండి. డ్రీమ్ థియేటర్ బ్యాండ్‌లో మైక్ పోర్ట్‌నాయ్ వాయించిన సయామీస్ మాన్‌స్టర్ కిట్ నిజానికి పక్కపక్కనే అతికించిన రెండు కిట్లు. ఒక పాటకి భారీ కిట్, ఇంకో పాటకి చిన్న కిట్, కుర్చీ జరిపితే చాలు. 2010లో ఆయన వెళ్లాక వచ్చిన మైక్ మాంజీనీ రెండు వైపులా సమానంగా అమర్చుకున్నాడు, ఏ చేత్తో మొదలుపెట్టినా అదే అందుబాటు ఉండాలని. టూల్ బ్యాండ్‌లో డానీ కేరీ మండల ఎలక్ట్రానిక్ ప్యాడ్లని మామూలు డ్రమ్ముల మధ్యే పెట్టుకుంటాడు, తబలా లాంటి శబ్దాలు అక్కడి నుంచే వస్తాయి. మెషుగ్గా బ్యాండ్ అయితే 2005లో వచ్చిన క్యాచ్ థర్టీత్రీ ఆల్బమ్‌కి డ్రమ్స్ మొత్తం డ్రమ్‌కిట్ ఫ్రమ్ హెల్ అనే సాఫ్ట్‌వేర్‌లో ప్రోగ్రామ్ చేసింది. నలుగురివీ నాలుగు దారులు. అవసరం ఎటు తీసుకెళ్తే సామాను అటు వెళ్లింది.

స్టేజీ మీదికి వెళ్లే రోజులు రాగానే కొనాల్సింది చెవుల రక్షణ. దీన్ని వాయిదా వేసేవాళ్లని చూస్తే నాకు నిజంగా భయమేస్తుంది. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ చెప్పే పరిమితి రోజుకి 8 గంటలకి 85 డెసిబెల్స్. ప్రతి 3 డెసిబెల్స్ పెరిగితే సమయం సగానికి పడిపోతుంది, 100 డెసిబెల్స్ దగ్గర 15 నిమిషాలే. డ్రమ్ కిట్ దగ్గర ఆ 100 సులువుగా దాటుతుంది. చెవి ఆకారానికి అచ్చు తీసి చేసిన ఇన్-ఇయర్స్ (చెవిలో పెట్టుకునే ఇయర్‌ఫోన్లు) బయటి శబ్దాన్ని తగ్గిస్తాయి, క్లిక్ (లయ చెప్పే మెట్రోనోమ్ శబ్దం) చిన్న వాల్యూమ్‌లోనే వినిపిస్తుంది. ఇవి కొనేదాకా రిహార్సల్‌లో ఇయర్‌ప్లగ్స్ తప్పనిసరి.

బేస్ డ్రమ్‌కి ట్రిగర్ (దెబ్బని పసిగట్టే సెన్సర్) పెట్టడం మోసమనే మాట వింటుంటాను. నేను ఒప్పుకోను. ట్రిగర్ ప్రతి దెబ్బనీ ముందే రికార్డ్ చేసిన శబ్దంగా (శాంపిల్‌గా) మార్చి శబ్దపు బలాన్ని సరిచేస్తుంది, కాలం తప్పిన దెబ్బని మాత్రం సరిచేయదు. పైగా తప్పు మరింత స్పష్టంగా బయటపడుతుంది. పెద్ద హాల్లో వేగమైన డబుల్ బేస్ మైక్ ఒక్కదానితో ముద్దగా వినిపిస్తుంటే, మైక్ శబ్దం కింద కాస్త ట్రిగర్ కలపమని సౌండ్ ఇంజినీర్‌ని అడగండి. పూర్తిగా దాని మీదే ఆధారపడితే నెమ్మదైన భాగాల్లో ఒకే అచ్చు శబ్దం పదేపదే వచ్చి పాట ప్రాణం పోతుంది. ప్రాక్టీస్‌లో మాత్రం ట్రిగర్ ఆపేయండి.

దూర ప్రయాణాలు మొదలయ్యాక కిట్ తగ్గుతుంది. కచేరీ చోట వాళ్లే కిట్ ఇస్తారు, మీరు తీసుకెళ్లేది స్నేర్, సింబల్స్, పెడల్, క్లచ్. ఎదురుగా ఉన్న మూడు టామ్‌ల మీద అయిదు టామ్‌ల ఫిల్ ఎలా వాయించాలో అప్పుడు ఆలోచించాల్సి వస్తుంది. నేను ఇంటి దగ్గరే వారంలో ఒకరోజు నాలుగు ముక్కల కిట్ మీద సెట్ మొత్తం (కచేరీ పాటలన్నీ) వాయిస్తాను. అలా వాయించేటప్పుడు గుర్తుకు రాని టామ్‌ని పెద్ద కిట్ నుంచి కూడా తీసేస్తాను.

వయసు కూడా కిట్‌ని మారుస్తుంది. సింబల్స్ భుజం కన్నా ఎత్తులో ఉంటే దెబ్బ దెబ్బకీ చెయ్యంతా లేవాలి, అది ఏళ్ల తరబడి పేరుకుంటుంది. వాటిని దించి దాదాపు చదునుగా, స్టిక్ సింబల్ అంచు మీద నేరుగా పడకుండా వాలుగా తగిలేలా పెట్టుకోండి. సింబల్స్ పగలడం కూడా తగ్గుతుంది. రష్ బ్యాండ్ డ్రమ్మర్ నీల్ పియర్ట్ 1990ల మధ్యలో, అప్పటికే ప్రపంచమంతా పేరున్న రోజుల్లో, డ్రమ్స్ గురువు ఫ్రెడీ గ్రూబర్ దగ్గర మళ్లీ పాఠాలు నేర్చుకున్నాడు. స్టిక్ పట్టుకునే తీరు, కూర్చునే తీరు, కిట్ అమరిక అన్నీ మార్చుకున్నాడు. కిట్‌ని ఒంటికి తగ్గట్టు సర్దుకోవడానికి ఆయనే వెనకాడనప్పుడు మనం ఎందుకు వెనకాడాలి?

చివరిగా కొన్ని చిన్న వస్తువులు. ప్రతి స్టాండ్‌కీ మెమరీ లాక్ బిగించండి, ఎత్తు ప్రతిసారీ ఒకటే వస్తుంది. కార్పెట్ మీద స్టాండ్ కాళ్లు, రెండు పెడల్స్ ఉండే చోట రంగు టేపుతో గుర్తులు వేయండి. బ్యాగులో ఎప్పుడూ రెండు డ్రమ్ కీలు (హెడ్ బిగువు మార్చే తాళంచెవులు), ఒక స్ప్రింగ్, ఒక బీటర్, హైహ్యాట్ క్లచ్, సింబల్ ఫెల్టులు, స్నేర్ వైర్ కట్టే తాడు, ఒక స్నేర్ హెడ్ ఉండాలి. క్లచ్ రెండు పెట్టుకోండి, బ్యాగులోంచి మాయమయ్యేది ఎప్పుడూ అదే.