చొక్కా చివరి గుండీ వాడికి వదిలేయండి

మన పిల్లలకి ఇంటలెక్చువల్ డిజబిలిటీ (వయసుకి తగ్గట్టు బుద్ధి ఎదగకపోవడం) అని డాక్టర్లు చెప్పిన రోజు నుంచి థెరపీల చుట్టూ తిరుగుతాం, తిరగాలి కూడా, కానీ అది వారానికి మహా అయితే రెండు మూడు గంటలు, మిగతా టైమంతా వాడు ఉండేది ఇంట్లోనే కదా. మా బాబుకి ఇప్పుడు 13. తొమ్మిదేళ్లు వచ్చేదాకా అన్నం కలిపి నేనే తినిపించేదాన్ని, వాడు తింటే గచ్చంతా మెతుకులు, అవతల స్కూల్ వ్యాన్ హారన్.

వాడి పనులు వాడికే నేర్పాలంటే, ముందు ఒక వారం మీరు వాడికి ఏమేం చేసిపెడుతున్నారో చూస్కోండి, అందులో ఒక్కటే పట్టుకోండి. మేం చొక్కా గుండీలు పట్టుకున్నాం. పైనుంచి అన్నీ నేనే పెట్టేసి చివరిది కాజాలో సగం దూర్చి వదిలేసేదాన్ని, వాడు లాగితే చాలు. అది వచ్చాక సగం దూర్చడం మానేశా, తర్వాత చివరి రెండూ వాడికే. ఇలా చివర నుంచి నేర్పిస్తే ప్రతిసారీ పని పూర్తి చేసేది వాడే, అందుకే విసుక్కోడు. అన్ని గుండీలూ వచ్చేసరికి నాలుగు నెలలు పట్టింది. పొద్దున మాత్రం వద్దు, ఆ హడావిడిలో ఎవరికీ ఓపికుండదు, సాయంత్రం పెట్టుకోండి.

ఇంకోటి, అడగడం. ఏం తింటావ్ అంటే మా వాడు చెప్పలేడు, దోసె ఇడ్లీ రెండూ చూపిస్తే వేలు పెడతాడు. వాడు దోసె చూపించాక మనం ఇడ్లీ పెట్టామా, ఇంకోసారి వేలు ఎత్తడు. మా అత్తమ్మ "వాడికేం తెలుసు పాపం" అనేది, ఎంత చెప్పినా వినలేదు, సరే అని ఆమెకో డ్యూటీ ఇచ్చాం, రోజూ సాయంత్రం వాడితో సందు చివర కిరాణాకి పెరుగు ప్యాకెట్‌కి వెళ్లాలి, డబ్బులు మాత్రం వాడే ఇవ్వాలి. మొదట్లో షాపాయన అత్తమ్మతోనే మాట్లాడేవాడు, ఇప్పుడు వాడినే "ఏం చిన్నా, పెరుగేనా" అంటున్నాడు, అత్తమ్మ ఇంటికొచ్చి అది అందరికీ చెప్తది.

అక్కో అన్నో ఉంటే వాళ్లని ఇంకో అమ్మని చేసేయకండి, వారంలో ఒక సాయంత్రం అచ్చంగా వాళ్లకే ఇవ్వండి. నాన్నలు ఫీజు కట్టి చేతులు దులుపుకుంటారు (మా ఆయన ఇది చదువుతాడు, చదవనీ), మగపిల్లాడైతే స్నానం నాన్నే నేర్పాలి, అమ్మకి ఆ అరగంట ఖాళీ.

కాగితాలు కూడా ఇంటి టెన్షన్‌లో పెద్ద వాటానే. అసెస్‌మెంట్‌కి సికింద్రాబాద్ బోయిన్‌పల్లి మనోవికాస్ నగర్‌లో నీపిడ్ ఉంది, ఇలాంటి పిల్లల కోసం కేంద్ర ప్రభుత్వ సంస్థ, 1984లో పెట్టింది, పాతవాళ్లు ఇంకా ఎన్‌ఐఎంహెచ్ అనే అంటారు. వైకల్యం 40 శాతం, ఆపైన అని సర్టిఫికెట్, యూడీఐడీ కార్డు (వికలాంగుల గుర్తింపు కార్డు) తీసుకోండి, కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వాళ్ల నిరామయ హెల్త్ ఇన్సూరెన్స్ లక్ష రూపాయల దాకా వస్తుంది. 18 దాటాక మనం అమ్మానాన్నలమే అయినా లీగల్ గార్డియన్‌షిప్‌కి (చట్టప్రకారం వాడి సంరక్షకులుగా ఉండడానికి) కలెక్టర్ ఉండే లోకల్ లెవెల్ కమిటీకి అప్లై చేయాలి. ఈ ఫైలు కూడా నాన్న చేతిలోనే పెట్టండి.