సముద్రం బొమ్మను కింది మూల నుంచి చూడండి

మా హాల్లో మూడేళ్లుగా ఒక సముద్రం బొమ్మ ప్రింటు వేలాడుతోంది. మధ్యలో మండిపోయే సూర్యుడు, నెత్తురు రంగు నీళ్లు, దూరంగా ఒక ఓడ. మాది తూర్పు తీరం. సూర్యుడు సముద్రంలోంచి లేవడమే తప్ప సముద్రంలోకి దిగడం చూడం. అందుకే మోజుపడి కొన్నాను. మొన్న సంక్రాంతికి మనవరాలు వచ్చి, దాని కింద బల్ల మీదున్న పూలకుండీ పక్కకు జరిపి, "తాతయ్యా, నీళ్లలో కాలుంది. దానికి గొలుసుంది" అంది. ముప్పై ఏళ్లు డ్రాయింగు మాస్టారుగా చేసినవాణ్ని. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు.

అది ఇంగ్లిష్ చిత్రకారుడు టర్నర్ 1840లో ప్రదర్శనకు పెట్టిన బానిసల ఓడ బొమ్మ. అసలుది బోస్టన్ మ్యూజియంలో ఉంది. ఇలాంటి బొమ్మను ఎలా చూడాలో నేను ఆలస్యంగా నేర్చుకున్నాను, మీరు ముందే నేర్చుకోండి.

ఫోనులో తెరిచినప్పుడు వెంటనే పేరు చదవకండి. రెండు నిమిషాలు రంగులు చూసి ముచ్చటపడండి, తప్పులేదు. తర్వాత వేళ్లతో కింది కుడి మూలను పెద్దది చేయండి. సంకెల ఉన్న కాలు, దాని చుట్టూ మూగిన చేపలు, పైన పక్షులు. కాస్త ఎడమకు జరిగితే నీళ్లపైకి లేచిన చేతులు. ఇప్పుడు పేరు చదవండి. చచ్చినవాళ్లనీ చావబోతున్నవాళ్లనీ బానిస వ్యాపారులు సముద్రంలోకి తోసేస్తున్నారు, తుఫాను వస్తోంది అని దాని అర్థం. "వస్తోంది" దగ్గర ఆగండి. సముద్రం ఇంకా ఏమీ చేయలేదు. చేసిందంతా మనుషులే.

ఈ బొమ్మ వెనక ఉందని చాలామంది చెప్పే సంగతి 1781 నాటిది. జాంగ్ అనే బానిసల ఓడలో నీళ్లు చాలవన్న సాకుతో 130 మందికి పైగా ఆఫ్రికన్లను సముద్రంలో పడేశారు. అప్పటి లెక్కలో బానిసలు ఓడ సరుకు: జబ్బుతో చస్తే యజమానికి బీమా రాదు, తప్పనిసరై పడేశామంటే వస్తుంది. యజమానులు డబ్బు అడిగారు, బీమావాళ్లు ఇవ్వం పొమ్మన్నారు, 1783లో లండన్ కోర్టుకెక్కింది. హత్య కేసు కాదు, బీమా కేసు! ముంచుకొచ్చే ఆ తుఫాను పాపులకు శిక్ష అని కొందరు చెబుతారు. నాకు నచ్చదు. జాంగ్ ఏ తుఫానులోనూ మునగలేదు, క్షేమంగా జమైకా చేరింది.

రెండో పని, బొమ్మలో లేనివాణ్ని వెతకడం. ఫ్రెంచి చిత్రకారుడు జెరికో 1819లో ప్రదర్శించిన మెడ్యూసా తెప్ప బొమ్మ తీసుకోండి. దాదాపు 16 అడుగుల ఎత్తు, 23 అడుగుల వెడల్పు. ఫోనులో అది తెలీదు, గోడ మీద టేపుతో కొలిచి చూడండి. 1816లో మెడ్యూసా అనే ఓడ ఇసుకమేటలో ఇరుక్కుంటే ఆ తెప్ప మీద 147 మందిని వదిలేశారు, 13 రోజుల తర్వాత ప్రాణాలతో దొరికింది 15 మంది. ఓడను ఇసుకమేటకు ఎక్కించిన కెప్టెన్ ఆ బొమ్మలో లేడు. పడవెక్కి వెళ్లిపోయాడు. టర్నర్ బొమ్మలో బీమా సొమ్ము అడిగిన పెద్దమనుషులూ లేరు.

రాసినదాన్ని చదివేటప్పుడు క్రియల్ని పట్టుకోండి. "రాకాసి అలలు మింగేశాయి", "కడలి కన్నెర్ర చేసింది" అని మన పేపర్లు నేరమంతా సముద్రం మీదికి తోసి రాస్తాయి. 1977 దివిసీమ ఉప్పెన గురించి అలాంటి వాక్యం కనబడితే, పక్కన పెన్సిలుతో మూడు ప్రశ్నలు రాయండి: హెచ్చరిక అందిందా? పారిపోవడానికి దారి ఉందా? పక్కా ఇల్లు ఎవరికుంది? వాల్మీకి రామాయణంలో రాముడు మూడు రాత్రులు ఎదురుచూసి విల్లెక్కుపెడితే సముద్రుడు వచ్చి చెప్పింది కూడా తప్పు తనది కాదన్న వరసలోనే: లోతుగా, దాటరానిదిగా ఉండటం నా స్వభావం.

అన్నట్టు, నా గుడ్డితనానికి తోడు దొరికింది. రస్కిన్ అంతటి ఇంగ్లిష్ కళావిమర్శకుడు టర్నర్ బొమ్మలోని సముద్రాన్ని పేజీ నిండా పొగిడి, అది బానిసల ఓడ అన్న ముక్కను అడుగున ఫుట్‌నోట్‌లో పెట్టాడు. తర్వాత 1844లో వాళ్ల నాన్న ఆ బొమ్మనే కానుకగా కొనిచ్చాడు. చాలా ఏళ్లు ఉంచుకుని అమ్మేశాడు.

మా ప్రింటు మాత్రం హాల్లోనే ఉంది. పూలకుండీ ఇప్పుడు టీవీ పక్కన పెట్టాం.