బుడమేరు పొంగితే ముందు మెయిన్ స్విచ్

విజయవాడ సింగ్‌నగర్‌లో ఇరవై ఏళ్లుగా కరెంటు పని చేస్తున్నాను. 2024 సెప్టెంబర్ 1, ఆదివారం బుడమేరు వాగు మా వీధుల్లోకి వచ్చింది. తర్వాత నేను పనికి వెళ్లిన చాలా ఇళ్లలో ఫ్రిజ్ మంచం మీద ఉంది, మెయిన్ స్విచ్ మాత్రం దించినవారు లేరు.

మన వీధిలో వాన తగ్గిందని కుదుటపడకండి. బుడమేరుకు నీళ్లు వచ్చేది మైలవరం వైపు నుంచి. అక్కడ కుండపోత అని, వాగు మీది వెలగలేరు రెగ్యులేటర్ గేట్లు ఎత్తారని వినగానే లేవండి.

పొడి చేతులతో, పొడి నేల మీద నిలబడి మెయిన్ దించండి. ఆ వెంటనే ఇన్వర్టర్. అందరూ మరిచిపోయేది దీన్నే. మెయిన్ దించినా బ్యాటరీ మీద ఇంటి వైర్లలో 230 వోల్టులు ఉంటాయి. మనిషిని పట్టుకోవడానికి అది చాలు. ఇన్వర్టర్ ఆపి, తెలిసినవారితో బ్యాటరీ తీగలు కూడా విప్పించండి. అప్పటికే కాళ్ల కింద నీళ్లుంటే బోర్డు జోలికి పోవద్దు. బయటికి వచ్చి 1912కు ఫోన్ చేసి లైను ఆపమనండి.

గ్యాస్ సిలిండర్ నీళ్లలో తేలుతుంది. రెగ్యులేటర్ తీసి, మూత బిగించి, కిటికీ ఊచకు కట్టండి. ఆధార్, ఇంటి పత్రాలు, మందులు పాలిథిన్ సంచిలో వేసుకుని మేడ ఎక్కండి. మా అమ్మ ఆవకాయ జాడీ లేకుండా కదలనంది. విసుక్కున్నాను కానీ, నాలుగు రోజులు మేము అన్నం తిన్నది దానితోనే.

నీళ్లు దిగాక కర్రతో తడుముతూ లోపలికి వెళ్లండి, మూలల్లో పాములుంటాయి. కడగకముందే గోడ మీది నీటి గీతతో సహా ఫోటోలు తీయండి, బీమాకు అవి కావాలి. బండి స్టార్ట్ చేయవద్దు, ఇంజిన్‌లో నీళ్లుంటే పాడవుతుంది. మెకానిక్ దగ్గరకు తోసుకెళ్లండి.

‘ఒక్క బల్బు వేసి చూద్దాం బాబూ’ అనేవారంటే నాకు భయం. గోడలోని పైపుల్లో నీళ్లు రోజుల తరబడి నిలుస్తాయి. స్విచ్ బోర్డులు విప్పి ఆరబెట్టి, మెగ్గర్‌తో, అంటే వైర్లలో కరెంటు లీకవుతుందేమో చూసే మీటరుతో, వైర్లు పరీక్షించాకే మెయిన్ ఎత్తాలి. తొందరపెడితే నేను సామాను సర్దుకుని వెళ్లిపోతాను.

తాగే నీళ్లు తెర్లేదాకా కాచండి. సంపు తోడి, కడిగి, బ్లీచింగ్ వేసి మళ్లీ తోడేదాకా ఆ నీటితో అంట్లు కూడా తోమకండి. తోడటానికి తడిసిన మోటారు వేయవద్దు. బకెట్టు, తాడు చాలు.