వానలు పడకముందే గోడ గూళ్ళు ఖాళీ చేయండి

మృగశిర కార్తె వచ్చేలోపు ఒక పూట తీరిక చేసుకుని, మట్టిగోడల ఇంట్లో గూళ్ళన్నీ ఖాళీ చేయండి. ముందు వరుస తుడిచి సర్దితే చాలదు, వెనక గోడ కనబడాలి.

మా అమ్మమ్మ పొలం కాగితాలు గుడ్డలో మూటగట్టి గూట్లో పెట్టేది. ఒక వానాకాలం తీసి చూస్తే మూట మూటలాగే ఉంది. విప్పితే వెనకవైపు సగం కాగితాలు లేవు, వాటి చోట తడిమట్టి. చెద గోడలోంచే వచ్చింది, అందుకే ఎవరి కంటా పడలేదు. ఆ రోజు ఆవిడ ముఖం నేను మరచిపోలేదు. పట్టాదారు పాసుపుస్తకం, రేషన్ కార్డు ప్లాస్టిక్ కవర్లో చుట్టి రేకు పెట్టెలో, గోడకు తగలకుండా పెట్టండి.

ఖాళీ చేసేది పగటిపూటే. ముందు టార్చి వేసి చూడండి, తర్వాత కర్రతో కదపండి, ఆ తర్వాతే చెయ్యి. తేళ్ళు, జెర్రులు చీకటి మూలల్లోనే దాక్కుంటాయి. కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది, అది కరిచినా ఒక్కోసారి నొప్పే తెలియదు. కనురెప్పలు వాలిపోతున్నా, మింగుడు పడకపోయినా తెల్లారేదాకా ఆగొద్దు, వెంటనే 108కి ఫోన్ చేయండి. కాటు దగ్గర కోయడం, తాడు బిగించడం, మంత్రం వేయించడం వద్దే వద్దు.

గూటి పైన ఉన్న చెక్కను మేకుతో పొడిచి చూడండి. మెత్తగా దిగితే చెద తినేసినట్టే. దాన్ని మీరే పీకకండి, పై గోడ బరువంతా దానిమీదే ఉంటుంది. మేస్త్రీని పిలవండి.

పగుళ్ళు మట్టితోనే మెత్తి, ఆరాక సున్నం కొట్టండి. సిమెంటు పూస్తే గోడలో చెమ్మ బయటికి రాలేక పెళ్ళలు ఊడతాయి. రాళ్ళ సున్నం నీళ్ళలో పడగానే కుతకుత ఉడుకుతుంది, పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. కంట్లో పడితే నలపకుండా ధారగా నీళ్ళు పోస్తూ కడిగి ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

తిరిగి సర్దేటప్పుడు పురుగుమందు సీసా మాత్రం ఏ గూట్లోనూ పెట్టకండి. దగ్గుమందు పక్కనే అది ఉన్న ఇళ్ళు నేను చూశాను. తాళం వేసే పెట్టెలో, ఇంటి బయట ఉంచండి.

మొదటి పెద్ద వాన వెలిశాక గూటి వెనక గోడకు అరచెయ్యి ఆనించండి. చల్లగా, చెమ్మగా తగిలితే బయటికెళ్ళి చూరు నీళ్ళు ఎక్కడ పడుతున్నాయో చూడండి.